మూత ఎద్దు

పదకొండేళ్ళు నేను అన్నం చెంచాతో తిన్నాను. మా వీధిలో వాళ్ళు "దొరగారు భోంచేస్తా ఉండారు" అని ఎగతాళి చేసేవాళ్ళు. దొరతనం కాదు, నా ఖర్మ. రోజుకు రెండుసార్లు నా కుడిచెయ్యి ఒక ఎద్దు కడుపులోకి భుజం దాకా వెళ్ళి వచ్చేది. ఆ వాసనకి సబ్బు, నిమ్మచెక్క, కుంకుడు రసం అన్నీ ఓడిపోయాయి. నెల తిరక్కుండానే నేనూ ఓడిపోయి చెంచా పట్టాను.

మా ఆవిడ పెట్టిన షరతు ఇంకొకటి ఉండేది. పెరుగు చట్టి ఉన్న వైపు నేను పోకూడదు. నా చెయ్యి తగిలితే తోడు చెడిపోతుందని ఆవిడ గట్టి నమ్మకం. ఒక వేసవిలో పాలు విరిగితే, ఎండ వల్ల అని నేనూ, నీ చెయ్యి వల్ల అని ఆవిడా వాదులాడుకుని రెండ్రోజులు మాటలు మానేశాం. అప్పటినుంచి ఆ గట్టు మీద చట్టి, ఈ మూల నేను.

మాది తోటపల్లి గూడూరు పక్కన చిన్న పల్లె. రోజూ పొద్దున్నే బయల్దేరి వెంకటాచలం దాటాక హైవే పక్కన ఉన్న పశువుల పరిశోధన షెడ్డుకి చేరేవాణ్ణి. నేను శాస్త్రవేత్తను కాను, అటెండరును కూడా కాను. ప్రాజెక్టు ఉన్నన్నాళ్ళు ఉండే కాంట్రాక్టు పనివాణ్ణి. పేడ ఎత్తడం, గడ్డి వేయడం, కడగడం నా పని. వాటితో పాటు ఆ ఎద్దు.

దాని ఎడమ డొక్కలో గుండ్రంగా ఒక రంధ్రం చేసి, చుట్టూ రబ్బరు బిగించి, ఒక మూత పెట్టారు. మూత తీస్తే ఎద్దుకుండే నాలుగు పొట్టల్లో మొదటిది నేరుగా కనిపిస్తుంది. నేను పనిలో చేరేసరికే ఆ ఆపరేషను అయిపోయి పుండు మానిపోయింది. మొదటిరోజు మూత తీసి చెయ్యి పెట్టమన్నప్పుడు రెండడుగులు వెనక్కి వేశాను. ఎద్దు మాత్రం గడ్డి నములుతూ నావైపు ఒకసారి చూసి మళ్ళీ తన పనిలో పడింది. లోపల గోరువెచ్చని అన్నపు గిన్నెలో చెయ్యి పెట్టినంత వేడి. పొట్ట గోడ ఉండుండి నా చేతిని పట్టి పిండి వదిలేది. ఊళ్ళో ఈ సంగతి తెలిశాక దానికి మూత ఎద్దు అని పేరు స్థిరపడిపోయింది.

ప్రాజెక్టు నడిపే మేడం వయసులో నాకంటే బాగా చిన్నది. నన్ను అన్నా అనేది. ఎందుకమ్మా ఈ తంటా అని ఒకరోజు అడిగితే, బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుని చెప్పింది.

"అన్నా, గడ్డిని ఎద్దు అరిగించుకోదు. దాని పొట్టలో ఉండే సూక్ష్మజీవులు అరిగించి పెడతాయి. ఆ పనిలో హైడ్రోజన్ అనే గ్యాసు మిగిలిపోతుంది. అది పోగుపడితే పని నడవదు. దాన్ని తిని బతికేవి ఇంకో రకం ఉన్నాయి. వాటిని ఆర్కియా అంటారు. అవి బాక్టీరియా కూడా కాదు, వేరే జాతి. చాలా చాలా పాతవి. అవి వదిలేదే మీథేను. ఎద్దు తేన్చినప్పుడల్లా అది బయటికి వస్తుంది. అది భూమికి వేడి."

"అంటే వేరేవాళ్ళు తిని పారేసింది తిని బతికేవన్నమాట."

"అంతే. కానీ అవి లేకపోతే మిగతావాళ్ళ పని కూడా సరిగా సాగదు. ఇంకో సంగతి, గాలి తగిలితే అవి చచ్చిపోతాయి. అందుకే ఫ్లాస్కు నిండా పొయ్యమని నీ ప్రాణం తీస్తా ఉంటాను."

నిజంగానే తీసేది. ముందు ఫ్లాస్కులో వేడినీళ్ళు పోసి, వేడెక్కాక పారబోయాలి. ఎద్దు పొట్టలోంచి పిడికెడు పిడికెడు తీసి, నాలుగు మడతల గుడ్డలో వేసి పిండి, ఆ రసం అంచు దాకా నింపి బిరడా బిగించాలి. వేలెడు ఖాళీ ఉన్నా మళ్ళీ మొదటినుంచి. ఎక్కడినుంచో పాకెట్లలో వచ్చే ఎర్ర నాచు పొడిని దాణాలో కలిపి పెట్టేవాళ్ళం. అది తింటే ఆ గ్యాసు తగ్గుతుందట. మా మైపాడు రేవులో ఇంత సముద్రం పెట్టుకుని నాచు పాకెట్లు కొనుక్కోవడం ఏంటని నేను సణిగితే, అది ఈ రకం కాదన్నా అనేది. పొడి పెట్టినప్పుడు గ్యాసు తగ్గేది. మానేస్తే మళ్ళీ మొదటికి వచ్చేది. మేడం అంకెలు రాసుకునేది. నేను పేడ ఎత్తేవాణ్ణి. సంవత్సరాలు అలా గడిచాయి.

విసుగు అంటే ఏంటో ఆ షెడ్డులో నేర్చుకున్నాను. పని కష్టమైతే విసుగు రాదు, పొద్దున చేసిందే సాయంత్రం చేసి, రేపు కూడా అదే చేయాలని తెలిసి పడుకుంటే వస్తుంది. నా కుడి భుజం పట్టేసింది. చెయ్యి పైకెత్తి చొక్కా వేసుకోవడానికి మా ఆవిడ సాయం కావాల్సి వచ్చేది. చొక్కా తొడుగుతూనే "నీ పెద్దపెళ్ళాం దగ్గిరికి పోయేదానికి ఇంత సింగారం దేనికయ్యా" అని దెప్పేది. పెద్దపెళ్ళాం అంటే ఎద్దే.

తర్వాత ప్రాజెక్టు అయిపోయింది. మేడం వేరే ఊరికి బదిలీ అయ్యి, వెళ్తూ వెళ్తూ ఎద్దు మెడ నిమిరి, నాకు నమస్కారం పెట్టి, కళ్ళు తుడుచుకుంటూ కారెక్కింది. కాంట్రాక్టు ముగిసింది కాబట్టి నెలాఖరుకి నేనూ పోవాలి. మరి ఎద్దు? డొక్కలో రంధ్రం ఉన్న ముసలి ఎద్దును దుక్కికి ఎవరు కొంటారు? "కబేళావాళ్ళు తప్ప ఎవరూ రారయ్యా, నన్నేం చేయమంటావు" అన్నారు పై అధికారి. ఆయన చెడ్డవాడు కాదు. ఆ మాట అని ఫైలు మూసేశారు.

ఆ సాయంత్రం షెడ్డులో ఎద్దు పక్కన కూర్చున్నాను. పదకొండేళ్ళుగా దాన్ని తిట్టుకుంటూనే ఉన్నాను. అప్పుడు తెలిసింది నాకు దానిమీద ఉన్నది ప్రేమేనని. ఇంట్లో చెప్తే నవ్వుతారని చెప్పలేదు.

నెలాఖరు ఇంకో వారం ఉందనగా మా వీధి చివర అక్క ఏడుస్తూ వచ్చింది. వరసకే అక్క, చర్చి పక్కన ఉంటుంది ఆమె. ఉన్నది ఒకే బర్రె, దాని పాల మీదే ఇల్లు నడుస్తుంది. కూతురికి నర్సు ఉద్యోగం వచ్చిందని ముందురోజు ఇంట్లో కృతజ్ఞత ప్రార్థన కూడిక పెట్టుకుంది. వచ్చినవాళ్ళు తినగా రెండు గంపల అన్నం మిగిలింది. అన్నం పారేయడానికి చేతులు రావు కదా మనకి. కుడితి తొట్టిలో కుమ్మరించింది. బర్రె ఆబగా తినేసింది. తెల్లారేసరికి పడుకుని పళ్ళు కొరుకుతోంది. నెమరు లేదు.

మా దగ్గర ఇది మామూలే. పెళ్ళయినా, గృహప్రవేశమైనా, చర్చిలో విందయినా మిగిలిన అన్నం గొడ్డుకే పోతుంది. అది ప్రేమగా పెట్టేదే. కానీ అంత అన్నం ఒక్కసారిగా పడితే పొట్ట పులిసిపోతుంది. ఆ పులుపుకి లోపల ఉన్నవన్నీ చచ్చిపోతాయి. పశువుల డాక్టరు గారు వచ్చి సోడా తాగించి సూదులు వేసి, "పులుపు విరిగింది, కానీ లోపల పనిచేసేవి ఏమీ మిగల్లేదు, చూద్దాం" అన్నారు.

మా నాయన ఇలాంటప్పుడు ఏం చేసేవాడో నాకు గుర్తుంది. బాగున్న ఆవు పడుకుని నెమరు వేస్తుంటే, దవడ పక్కనుంచి చెయ్యి దూర్చి, నోట్లోని నెమరు ముద్ద లాగేసి, తెచ్చి జబ్బుపడ్డ గొడ్డు నాలుక మీద పెట్టేవాడు. నెమరు అరువు తేవడం అనేవాళ్ళు. చిన్నప్పుడు అదేదో మూఢనమ్మకం అనుకున్నాను. మేడం మాటలు విన్నాకే అందులో సంగతి అర్థమైంది. ఆ మధ్యాహ్నం ఫ్లాస్కు పట్టుకుని షెడ్డుకి పోయి, ఎద్దు మూత తీసి, అంచు దాకా నింపుకొచ్చి, వెదురు గొట్టంతో బర్రెకు తాగించాను. మర్నాడూ తాగించాను. మూడోరోజు అది నెమరేసింది. అక్క నా రెండు చేతులూ పట్టుకుంది, వాసన సంగతి కూడా చూసుకోకుండా.

ఆ తర్వాత ఊరు ఊరంతా ఒక కాగితం మీద సంతకాలు పెట్టింది. ఈ ఎద్దు మా గొడ్లకి మందు, మాకు ఇవ్వండి అని. అక్క స్వయంగా తీసుకెళ్ళి అధికారికి ఇచ్చింది. ఆయన జాలిపడ్డారో, ఒక తలనొప్పి వదిలిందనుకున్నారో, పశువుల సంరక్షణ కోసం ఎద్దును గ్రామానికి అప్పగిస్తున్నట్టు రాసి నా చేత సంతకం పెట్టించుకున్నారు. ఎద్దూ నేనూ ఒకే రోజు ప్రభుత్వం వారి నుంచి సెలవు తీసుకుని, ఒకే ట్రాలీ ఆటోలో ఇంటికొచ్చాం.

ఇంత తెలిసినవాణ్ణి నేను చేసిన తప్పు ఇప్పుడు చెప్పాలి.

ఆటో దిగేసరికి వీధిలో జనం. ఎద్దు కాళ్ళకి నీళ్ళు పోసి, నుదుట పసుపు రాశారు. కొమ్ములకి ఎవరో రిబ్బను కట్టారు. మా ఆవిడ లోపలినుంచి వచ్చింది. ఆవిడ చేతుల్లో పెద్ద గిన్నె నిండా బెల్లం వేసి వండిన అన్నం, పైన నెయ్యి. పదకొండేళ్ళు ఆ ఎద్దు మాటెత్తితే ముక్కు మూసుకున్న మనిషి పొద్దున్నుంచి పొయ్యి దగ్గర నిలబడి దానికి వండింది. "ఇన్నాళ్ళూ మా ఇంటికి కూడు పెట్టినావు, ఈ పూట నా చేతి కూడు తిను" అంది ఎద్దుతో. వద్దు అనే మాట నా నోటిదాకా వచ్చింది. ఆవిడ మొహం చూసి మింగేశాను. ఒక్క గిన్నెకేమవుతుందిలే అనుకున్నాను.

ఒక్క గిన్నె అయితే ఏమీ అయ్యేది కాదేమో. ఆవిడ వెనక వీధి మొత్తం ఉంది. అక్క పాయసం తెచ్చింది. ఇంకొకరు చద్దన్నం, ఇంకొకరు అరటిపళ్ళు, నానబెట్టిన బియ్యం. అందరి మొహాల్లో వెలుగు. నాకేమో ఒళ్ళంతా అలసట, లోపల సంతోషం. అరుగు మీద చేరగిలబడి చూస్తూ ఉండిపోయాను. సాయంత్రం ఎవరెవరు ఏం పెట్టారో లెక్క కూడా తెలియలేదు.

తెల్లారి లేచి చూస్తే ఎద్దు పడుకుని ఉంది. చెవులు చల్లగా ఉన్నాయి. పళ్ళు కొరుకుతోంది. మూత తీశాను. రోజూ మూత తియ్యగానే బుస్సుమని గ్యాసు వచ్చి మొహానికి కొట్టేది, నేను మొహం పక్కకి తిప్పుకునేవాణ్ణి. ఆ రోజు రాలేదు. పులిసిన గంజి వాసన వచ్చింది. లోపల పాలరంగు నీళ్ళు, అన్నం. కబేళా నుంచి తప్పించి తెచ్చి నా ఇంటి ముందు నేనే చంపుకుంటున్నాను. వీధిలో అందరూ తెలియక పెట్టారు. తెలిసి ఊరుకున్నది నేనొక్కణ్ణే.

డాక్టరు గారు వచ్చి చూశారు. "లోపలిది మొత్తం తీసెయ్యి, కడుగు, సోడా వెయ్యి. తర్వాత బాగున్న గొడ్డు పొట్టలోని రసం పడాలి. నెల్లూరు కబేళా నుంచి తెప్పించొచ్చు గాని రేపటికి గాని రాదు. అందాకా ఉంటుందని చెప్పలేను" అన్నారు.

చెయ్యి పెట్టి అన్నం తీయడం మొదలుపెట్టాను. పిడికెడు, ఇంకో పిడికెడు. ఎద్దు పొట్ట అంటే చిన్న తొట్టి కాదు. పావుగంటకి భుజం పట్టేసింది. ఎడమచేత్తో ప్రయత్నిస్తే అందలేదు. కూలబడిపోయి, "ఇంక నావల్ల కాదే" అన్నాను. నిజంగానే ఏడ్చాను.

మా ఆవిడ అప్పటిదాకా గుంజకి ఆనుకుని నిలబడి ఉంది. తను వండిందే తన కళ్ళముందు గుప్పెళ్ళుగా బయటికి వస్తుంటే చూస్తోంది. గాజులు పైకి నెట్టుకుంది. చీర బిగించి దోపుకుంది. "జరుగు" అంది.

"ఏమే, నీవల్ల కాదు."

"పెట్టింది నేనే గదా, తీసేది నేనే. నువ్వు నీళ్ళు పోస్తా ఉండు."

ఆవిడ చెయ్యి భుజం దాకా లోపలికి పోయింది. ఒకసారి మొహం పక్కకి తిప్పుకుంది, అంతే. మళ్ళీ ఆగలేదు. మధ్యాహ్నానికి పొట్ట ఖాళీ అయింది. గోరువెచ్చని నీళ్ళతో కడిగి, సోడా వేసి, వామిలోంచి తెచ్చిన వరిగడ్డి తుంచి లోపల పెట్టాం. ఇక కావాల్సింది లోపల పనిచేసేవి. ఊళ్ళో ఆ ఎద్దు నుంచి అవి అందుకున్న గొడ్డు ఒకటి ఉంది.

అక్క ఇంటికి వెళ్ళేసరికి బర్రె చెట్టు నీడన పడుకుని నెమరేస్తోంది. "అక్కా, నెమరు అరువు కావాలి" అన్నాను. "అరువేంది తమ్ముడా, నీదే గదా అది" అని అక్క బర్రె కొమ్ములు పట్టుకుంది. ఫ్లాస్కు ప్రభుత్వానిది, షెడ్డులోనే ఉండిపోయింది. దేంట్లో పెట్టాలి, గాలి తగలకూడదే అని నేను గింజుకుంటుంటే మా ఆవిడ వచ్చింది. చేతిలో పెరుగు చట్టి. కడిగి, గోరువెచ్చని నీళ్ళు పోసి, చుట్టూ గుడ్డ చుట్టి తెచ్చింది.

"తోడు వేసినట్టే గదయ్యా ఇది? చల్లారకూడదు, కదపకూడదు, మూత తీయకూడదు. ఇది నాకు తెలవదా?"

పదకొండేళ్ళు నేను కష్టపడి నేర్చుకున్నది ఆవిడకి పెళ్ళినాటికే తెలుసు. నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

నెమరు తీయడం అంటే ఓపిక. బర్రె ముద్ద పైకి తెచ్చుకుని నాలుగు నములు నమిలాక, దవడ పక్కన పళ్ళు లేని సందులోంచి వేళ్ళు పెట్టి లాగాలి. అది విసుక్కుని కాసేపు నెమరు మానేస్తుంది. మళ్ళీ మొదలుపెట్టేదాకా ఎదురుచూడాలి. ముగ్గురం ఆ నీడలో కూర్చుని, సాయంత్రం దాకా చట్టిలోని నీళ్ళలో ముద్ద వెంట ముద్ద వేశాం. నీళ్ళు అంచుదాకా వచ్చాయి. ఆ ముద్దల్లో ఏముందో కళ్ళకి కనబడదు. తీసుకొచ్చి ఎద్దు పొట్టలో ఆ గడ్డి మీద మెల్లగా పోసి మూత పెట్టేశాను. మర్నాడు కూడా అంతే చేశాం. నెల్లూరు నుంచి రసం రాలేదు. డాక్టరు గారు పురమాయించిన మనిషి రాలేదు.

మూడోరోజు పొద్దున మూత మీద చెయ్యి పెట్టి చాలాసేపు కూర్చున్నాను. తీయడానికి భయం వేసింది. ఆ గ్యాసును తగ్గించడానికే పదకొండేళ్ళు చాకిరీ చేశాను. భూమికి మంచిది కాదని మేడం చెప్పింది, నిజమే అయ్యుంటుంది. ఆ పొద్దున మాత్రం దేవుడా కాస్త గ్యాసు ఇవ్వు అని మొక్కుకున్నాను. మూత కొద్దిగా వదులు చేశాను. బుస్సుమని వచ్చి మొహానికి కొట్టింది. మొహం తిప్పుకోలేదు. కాసేపటికి ఎద్దు మెడ సాచి పెద్దగా తేన్చింది. దవడలు మెల్లగా కదిలాయి.

నేను వెక్కి వెక్కి ఏడుస్తుంటే వీధిలో పోయేవాళ్ళు ఎద్దు చచ్చిందనుకుని లోపలికి వచ్చారు.

ఆ సాయంత్రం చేతులు కడుక్కుని నా మూలన కూర్చున్నాను. మా ఆవిడ కంచం పెట్టింది. చెంచా పెట్టలేదు. మర్చిపోయిందేమోనని చూశాను. వంటింట్లోంచి కేకేసింది.

"పాలు గోరువెచ్చగా ఉండాయి. కొత్త గిన్నెలో పోసినా. తోడు వేసి పో."

"నేనా?"

"నా చెయ్యీ నీ చెయ్యీ ఇప్పుడు ఒకటే కంపు గదయ్యా. ఇంక నీకేం అడ్డం?"

లేచి వెళ్ళి తోడు వేశాను. మర్నాటికి పెరుగు గట్టిగానే తోడుకుంది.